బీరు రుచి తెలుసుకోవడం – మూడవ పాఠం: చలువ కప్పేసే వాసనలు

గోధుమ బీరు వాసన, రుచి చూసి రాయమని గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు రాసి పంపిన జవాబుల్లో చాలావరకు ఒకే మాట కనిపించింది: గోధుమ బీరు చల్లగా, తేలికగా ఉంది, అంతకుమించి ఏమీ తెలియలేదు. అందువల్ల హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) చేదు గురించిన పాఠాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. గ్లాసు ఎలా పట్టుకోవాలో, నురుగు ఎలా చూడాలో మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

పొరపాటు మీ ముక్కుది కాదు, మంచు పట్టిన మగ్గుది. మే నెల ఎండలో గచ్చిబౌలికో జూబ్లీహిల్స్‌కో చేరి కూర్చున్నవారికి అలాంటి మగ్గు చూస్తే ప్రాణం లేచివస్తుందన్నది నిజమే. దాహానికి అది మంచిదే గాని, రుచి పరీక్షకు దానంత చెరుపు మరొకటి లేదు. వాసన మనకు తెలియాలంటే దాని అణువులు బీరులోంచి ఆవిరై ముక్కును చేరాలి. 3, 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర వాటిలో ఎక్కువ భాగం బీరులోనే ఉండిపోతాయి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన బంగినపల్లి పండు వాసన వేయనట్లే ఇదీను. పైగా ఆ చలికి నాలుక మొద్దుబారి, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) తీపి వెనక్కి తగ్గుతుంది. మగ్గు లోపలి మంచు కరిగి బీరును పలుచన చేస్తుంది. ఇంతకన్నా నన్ను బాధించే సంగతి, ఆ చలువ లోపాలను కూడా కప్పేస్తుంది. పులియడం పూర్తికాని బీరులో వెన్న వాసనకు కారణమయ్యే డైఅసిటైల్, ఉడికిన మొక్కజొన్న వాసననిచ్చే డైమిథైల్ సల్ఫైడ్ అంత చల్లదనంలో ముక్కుకు దొరక్కుండా సులువుగా తప్పించుకుంటాయి. కనుక ఆర్డర్ ఇచ్చేటప్పుడే మామూలు గ్లాసులో పోయమని అడగండి. గోధుమ బీరుకు 7 నుంచి 10 డిగ్రీలు, స్టౌట్ అనే నల్లని బీరుకు 10 నుంచి 13 డిగ్రీలు సరిపోతాయి. నేను థర్మామీటర్ వాడను. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకొని, మాటల్లో పడి కాసేపు ఆగి, మళ్ళీ వాసన చూస్తాను.

అలా చూసినప్పుడు జర్మన్ పద్ధతిలో కాచిన గోధుమ బీరులో, అంటే హెఫెవైజెన్‌లో, అరటిపండు వాసన తేలివస్తుంది. కొందరు అందులో ఎసెన్స్ కలిపారని అనుమానించారు. అందులో పండు అవసరమే లేదు. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు తయారుచేసే ఐసోఅమైల్ అసిటేట్ వల్ల ఆ వాసన వస్తుంది. దాని వెనుకనే వచ్చే లవంగం వాసన కూడా ఈస్ట్ పనే, కాకపోతే దానికి ముడిసరుకు ధాన్యంలోని ఫెరులిక్ ఆమ్లం. అందుకే లవంగం ఘాటు కోరుకునే బ్రూవర్లు మాల్ట్‌ను నీటిలో నానబెట్టినప్పుడు ఆ ఆమ్లం బయటికి వచ్చేలా 45 డిగ్రీల దగ్గర కొంతసేపు ఆపుతారు. బెల్జియం పద్ధతి గోధుమ బీరైన విట్ సంగతి వేరు: అందులో ధనియాలు, నారింజ తొక్క నిజంగానే వేస్తారు. ఈ రెండు బీర్లూ మబ్బుగానే కనిపిస్తాయి కాబట్టి కంటితో వేరు చేయబోకండి.

పరీక్ష ముగిసేవరకు చికెన్ 65 ముట్టుకోవద్దు. కారం మంటను ఆల్కహాల్ ఇంకా పెంచుతుంది, ఆపైన నాలుకకు ఏ తేడా తెలియదు. నోరు శుభ్రం చేసుకోవడానికి మంచినీళ్ళూ, ఉప్పు లేని మరమరాలూ నాకు అన్నిటికన్నా నచ్చినవి.

ఈ వారం అభ్యాసం కష్టమైనదే, అయినా 21 ఏళ్ళు నిండినవారంతా చేసి తీరాలని కోరుతున్నాను. హెఫెవైజెన్, విట్ రెండూ దొరికే చోటికి ఒక మిత్రునితో వెళ్ళండి. ఒకేలాంటి మూడు చిన్న గ్లాసుల్లో రెండింటిలో ఒక బీరు, మూడవదానిలో మరొకటి గుక్కెడు చొప్పున అతడు పోయాలి. మీరు కళ్ళు మూసుకొని వేరుగా ఉన్నదేదో చెప్పాలి. వరుస మార్చి ఆరుసార్లు చేయండి. ఊహించి చెప్పినా సగటున రెండుసార్లు సరిపోతుంది, కనుక ఐదు సరిగ్గా వస్తేనే మీ ముక్కును నమ్మండి. గుక్కలన్నీ కలిపితే పెద్ద గ్లాసుడు అవుతుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి బండి తీయకుండా క్యాబ్ పిలవండి. జవాబులో బీరు పేరు ఒక్కటే రాస్తే సరిపోదు. గ్లాసు చేతికి రాగానే ఏ వాసన తెలిసింది, అరచేతుల్లో వెచ్చబడ్డాక కొత్తగా ఏది వచ్చింది అన్నవి విడివిడిగా రాసి పంపండి.