కూటమి ప్రభుత్వంలో విదేశాంగం ఎవరి చేతికి వెళ్లిందో తేల్చుకోవడం ఎలా

శాఖల పంపకం వార్త రాగానే విదేశాంగ మంత్రి పేరొక్కటే రాసి వదిలేయొద్దు. మా అంతర్జాతీయ డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట చెప్పే మాట ఇదే. ముందు ప్రభుత్వాధినేతది ఏ పార్టీయో చూసుకోండి. పెద్ద శిఖరాగ్ర సమావేశాల్లో మాట ఇచ్చేది ఆ మనిషే. 2009 డిసెంబర్‌లో యూరోపియన్ యూనియన్ పనితీరును మార్చిన లిస్బన్ ఒప్పందం అమల్లోకి వచ్చాక, సభ్యదేశాల అధినేతలు కూర్చునే యూరోపియన్ కౌన్సిల్‌లో విదేశాంగ మంత్రులు మామూలుగా కూర్చోవడం లేదు. ఆ మేరకు ఐరోపాలో వాళ్ల పదవి బలం తగ్గింది.

తర్వాత ఆ దేశపు ఆనవాయితీ. జర్మనీలో 1966 నుంచి దాదాపు ఎప్పుడూ కూటమిలోని చిన్న పార్టీకే విదేశాంగం దక్కింది. అలాంటి చిన్న పార్టీ ఎఫ్‌డీపీ నేత గెన్షర్ 1974లో ఆ పదవి చేపట్టి, 1982లో కొద్ది రోజులు తప్ప 1992 దాకా ఉన్నారు. మధ్యలో చాన్సలర్ (జర్మనీ ప్రభుత్వాధినేత) మారారు, చాన్సలర్ పార్టీ కూడా మారింది. అయినా విదేశాంగం ఆయన దగ్గరే ఉంది! 2025లో చాన్సలర్ అయిన మెర్జ్ మాత్రం దాన్ని తన పార్టీ సీడీయూకే చెందిన వాడెఫుల్‌కు ఇచ్చారు. దీంతో మిత్రపక్షం ఎస్పీడీ ఓడిపోయిందని తేల్చేయడం సులువే కానీ, నేనలా రాయనివ్వను. ఆర్థికం, రక్షణ, విదేశాలకిచ్చే అభివృద్ధి సాయం, మూడూ ఎస్పీడీకే వెళ్లాయి. డబ్బు, సైన్యం ఎవరి దగ్గరున్నాయో చూడకుండా గెలుపోటములు ఎలా చెబుతాం?

సహాయ మంత్రుల జాబితా కూడా చదవండి, ఎంత బోరు కొట్టినా సరే. బ్రిటన్‌లో 2010లో విదేశాంగ మంత్రి హేగ్ కన్జర్వేటివ్ అయితే, అదే శాఖలో లిబరల్ డెమొక్రాట్ జెరెమీ బ్రౌన్‌ను సహాయ మంత్రిగా పెట్టారు. శాఖ మీద మిత్రపక్షం ఒక కన్నేసి ఉంచే పద్ధతి ఇది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం కూటమి ఒప్పందం మీద పెట్టండి. అసలు బేరం అందులోనే దొరుకుతుంది. 2021 జర్మనీ ఒప్పందంలో, యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్ అధ్యక్ష పదవి జర్మనీకి రాకపోతే, అందులో జర్మనీ తరఫు కమిషనర్‌ను ప్రతిపాదించే హక్కు మిత్రపక్షం గ్రీన్స్‌కు ఇచ్చారు. 2024లో జర్మనీకే చెందిన ఫాన్ డెర్ లేయెన్ మళ్లీ అధ్యక్షురాలయ్యారు, గ్రీన్స్‌కు ఏమీ రాలేదు. ఒప్పందంలో 'అయితే', 'రాకపోతే' అన్న చోటల్లా పెన్నుతో గీత పెట్టమనేది ఇందుకే.

న్యూజిలాండ్‌లో 2005లో ప్రభుత్వానికి మద్దతిచ్చిన చిన్న పార్టీ నేత విన్‌స్టన్ పీటర్స్ క్యాబినెట్‌లో లేకుండానే విదేశాంగ మంత్రి అయ్యారు. కాబట్టి క్యాబినెట్ జాబితా ఒక్కటే చాలదు.

ఏ పదవీ తీసుకోకుండా బయటినుంచి మద్దతిచ్చే పార్టీలను కూడా లెక్కలోకి తీసుకోండి. మన దేశంలో యూపీఏ మొదటి ప్రభుత్వంలో వామపక్షాలకు ఒక్క మంత్రి కూడా లేరు. అయినా అమెరికాతో అణు ఒప్పందంపై 2008 జులైలో వాళ్లు మద్దతు ఉపసంహరించుకున్నారు. ఆ నెల 22న లోక్‌సభలో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం 275-256 ఓట్లతో నిలబడింది.