పొట్టి గుర్రానికి బండి కొనేముందు జాగ్రత్తలు

ముందు గుర్రాన్ని కొలవండి, బండి సంగతి తర్వాత. నేల నుంచి వీపు మొదట్లో జూలు ముగిసే చోటు దాకా 34 అంగుళాలకు మించకపోతే అది అసలైన మినియేచర్. బరువు సుమారు వంద కిలోలు. బండి, మనిషి కలిపి ఆ బరువు దాటనివ్వకండి. మూడేళ్లు నిండని గుర్రప్పిల్లకు బండి అసలు కట్టొద్దు.

▢ నొగలు (గుర్రానికి రెండు పక్కలా ఉండే బండి కర్రలు): అన్నిటికంటే ఇదే ముఖ్యం. గుర్రాన్ని కట్టి, మనిషిని ఎక్కించి, పక్కనుంచి చూడండి. నొగలు నేలకు సమాంతరంగా ఉండాలి. ముందుకు వాలితే బరువంతా వీపు మీద పడుతుంది, పైకి లేస్తే పొట్టపట్టీ ఒరుసుకుంటుంది. కొసలు భుజం దాటి ముందుకు పొడుచుకు రాకూడదు, మలుపులో కళ్లెం చిక్కుకుంటుంది. పెద్ద జట్కా నొగలు కోసి ఇస్తామంటారు, ఒప్పుకోకండి. ఇరుసు, సీటు పాతచోటే ఉంటే తూకం కుదరదు.

▢ గుర్రానికీ బండికీ మధ్య ఖాళీ: పరుగెత్తించి చూడండి. వెనక గిట్టలు బండికి తగిలితే గుర్రం బెదురుతుంది.

▢ చక్రాలు: 20 అంగుళాలకు తగ్గొద్దు. తిరుపతి దగ్గర చంద్రగిరి వైపు మట్టిదారుల్లో తుమ్మముళ్లుంటాయి, గాలి ట్యూబు కన్నా గట్టి రబ్బరు నయం.

▢ దిగుడు: అలిపిరి వైపు రోడ్డంతా వాలే. తొడల వెనక పట్టీ లేకపోతే బండి గుర్రాన్ని తోసుకొస్తుంది. ఆ పట్టీ లేని గుర్రపు సామాను ఎంత చవకైనా వద్దు.

▢ ఎండ: ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తారురోడ్డు ఎక్కించొద్దు.