పాత డౌన్‌హిల్ ఫోర్క్‌కి గోరు పరీక్ష

తిరుపతిలో కొండ దిగే డౌన్‌హిల్ సైకిల్‌కి సెకండ్ హ్యాండ్ డబుల్ క్రౌన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే, పైనా కిందా రెండు చోట్ల బిగించే సస్పెన్షన్) దొరికితే, ముందు స్టాంచియన్ గొట్టాలు (ఫోర్క్‌లో పైకి కిందికి జారే నున్నటి గొట్టాలు) తుడిచి గోరు పైనుంచి కిందికి జార్చండి. సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) ఆడే చోట గోరు తగులుకుందా, వదిలేయండి. ఆ గీత కొత్త సీల్‌నీ కోసేస్తుంది, ఆయిల్ కారుతూనే ఉంటుంది.

రాక్‌షాక్స్ కంపెనీ బాక్సర్ ఫోర్క్ గొట్టాల వ్యాసం 2009 మోడల్ దాకా 32 మి.మీ., 2010 నుంచి 35, 2024 మోడల్ నుంచి 38. ఒకదాని సీళ్లు ఇంకోదానికి పట్టవు. కొలిచాకే ఆర్డర్ పెట్టండి. స్టీరర్ (ఫోర్క్‌ని సైకిల్ ఫ్రేమ్‌లోకి దూర్చే గొట్టం) మరీ పొట్టిగా కోసేసి ఉంటే బేరమే వద్దు.

అప్‌గ్రేడ్‌లో మొదటి ఖర్చు మీ బరువుకు తగిన స్ప్రింగే. రంగు స్టిక్కర్లు తర్వాత చూసుకోవచ్చు. 200 మి.మీ. ఫోర్క్ మీరెక్కి నిలబడితే 40–50 దిగాలి. 70 దిగితే స్ప్రింగ్ మెత్తన. చంద్రగిరి వైపు దుమ్ములో తిరిగాక సీళ్ల కింది ఫోమ్ రింగులు కడిగి, ఆరబెట్టి, ఫోర్క్ ఆయిల్‌లో నానబెట్టి బిగించండి.