పాప్ ఆర్ట్ చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: గీత, రంగు, ఆకారం

గత రెండు పాఠాల్లో పాప్ ఆర్ట్ (ప్రకటనలు, కామిక్స్, సరుకుల డబ్బాల లాంటి రోజువారీ బొమ్మలను తీసుకుని వేసే చిత్రకళ) ఎప్పుడు, ఎందుకు మొదలైందో, ఎవరెవరు వేశారో చూశాం. ఈసారి చరిత్ర పక్కన పెట్టి బొమ్మ ముందు కూర్చుందాం. ఒక పెన్సిలు, నాలుగు తెల్లకాగితాలు దగ్గర పెట్టుకోండి. ఫోన్లోనో కంప్యూటర్లోనో మూడు బొమ్మలు తెరిచి ఉంచుకోండి: రాయ్ లిక్టెన్‌స్టైన్ వేసిన 'డ్రౌనింగ్ గర్ల్' (1963), ఆండీ వార్హోల్ 'మార్లిన్ డిప్టిక్' (1962), ఎడ్ రుషే 'స్టాండర్డ్ స్టేషన్, అమరిల్లో, టెక్సస్' (1963). వీలైతే పెద్ద తెర మీద చూడండి. ఫోన్లో చూస్తే ఈ పాఠంలో సగం విషయం కనబడదు.

ముందు ఒక అలవాటు వదిలించుకోవాలి. బొమ్మల గురించి చెప్పే చోటల్లా ఒక పట్టిక ఇస్తుంటారు. ఎరుపంటే ఆవేశం, నీలమంటే దిగులు, పసుపంటే సంతోషం, వంపు గీత సున్నితం, కోణం తిరిగిన గీత కఠినం. ఈ పట్టిక పట్టుకుని పాప్ ఆర్ట్ దగ్గరికి వస్తే మొదటి బొమ్మకే బోల్తా పడతాం. 'డ్రౌనింగ్ గర్ల్'లో అమ్మాయి జుట్టు నీలం. మునిగిపోతోంది, ఏడుస్తోంది, కాబట్టి నీలం ఆమె దిగులుకు గుర్తు అని ఠక్కున అనేస్తాం. కానీ ఆ నీలం అమ్మాయి మనసులోంచి రాలేదు, కామిక్ పుస్తకంలోంచి వచ్చింది. అప్పటి అమెరికన్ కామిక్స్‌లో నల్లజుట్టును ఉత్త నలుపుతో నింపితే మొద్దుగా ఉంటుందని, మెరుపు చూపించడానికి నీలం వేసేవారు. అది అచ్చు పనిలో ఒక వాడుక, అంతే.

మరి ఆ నీలానికి అర్థమే లేదా? ఉంది. కాకపోతే దాన్ని వెతికే దారి వేరు. ఏ పాప్ ఆర్ట్ బొమ్మ ముందైనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో అచ్చు యంత్రం నుంచో, ప్రకటన నుంచో వచ్చింది ఏది? దాని మీద చిత్రకారుడు మార్చింది ఏది? అర్థం ఎక్కువగా ఈ రెండో దాంట్లో దొరుకుతుంది. ఈ పాఠంలో నేర్చుకునే పని కూడా అదే.

గీతతో మొదలుపెడదాం

'డ్రౌనింగ్ గర్ల్'కు ఆధారం 1962లో వచ్చిన ఒక ప్రేమకథల కామిక్‌లోని బొమ్మ. గీసింది టోనీ అబ్రుజో. అసలు బొమ్మలో అమ్మాయి వెనకాల తిరగబడ్డ పడవ, దాన్ని పట్టుకుని వేలాడుతున్న ప్రియుడు ఉంటారు. అమ్మాయి ఆలోచన గాలిబుడగలో రాసి ఉంటుంది: కండరాలు పట్టేసినా సరే, అతన్ని సాయం అడిగే బదులు మునిగిపోవడమే నయం అని. లిక్టెన్‌స్టైన్ ఏం చేశాడు? పడవ తీసేశాడు. ప్రియుణ్ణి తీసేశాడు. బుడగలో ఉన్న ప్రియుడి పేరును మాల్ నుంచి బ్రాడ్‌గా మార్చాడు. కండరాలు పట్టేసిన సంగతి కూడా కొట్టేశాడు.

ఈ చివరి మార్పు చిన్నదే అనిపిస్తుంది గానీ నా లెక్కలో అన్నిటికన్నా తెలివైనది. కామిక్‌లో అమ్మాయి మునగడానికి శరీరానికి సంబంధించిన కారణం ఉంది. కాన్వాస్ మీద ఆ కారణం పోయింది. ఇక మిగిలింది పంతం, కన్నీళ్లు, నీళ్లు. ఈమె ఎందుకు మునిగిపోతోందో బొమ్మ చెప్పదు. ఏడుపే కారణమా అన్నట్టుంటుంది. కథ పోయి పోజు మిగిలింది.

ఇప్పుడు గీతలు చూడండి. కామిక్ గీత ఒకే మందంలో ఉండదు. మొదట సన్నగా మొదలై, మధ్యలో ఉబ్బి, మళ్లీ మొనదేలుతుంది. లిక్టెన్‌స్టైన్ ఈ గీతను తీసుకుని దాని వంపులను ఇంకా పెంచాడు. జుట్టు పాయలూ, అలలూ ఒకే రకం వంపులతో ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. ఆ అలలకు జపాన్ చిత్రకారుడు హోకుసాయ్ అలలతో చుట్టరికం ఉందని లిక్టెన్‌స్టైనే చెప్పుకున్నాడు. అమ్మాయి తల నీళ్లలో కొట్టుమిట్టాడుతున్నట్టు ఉండదు, పరుపు మీద ఆనించినట్టు ఉంటుంది. గీత ఇంత అందంగా, ఇంత నింపాదిగా ఉన్నప్పుడు ప్రమాదం ఉందని నమ్మడం కష్టం. మాటలు 'చచ్చిపోతున్నా' అంటుంటే గీతలు 'ఏమీ కాదులే' అంటున్నాయి. ఈ బొమ్మలో నవ్వు, వెటకారం పుట్టేది ఈ పొసగనితనం నుంచే.

కన్నీటి చుక్కల మీదికి జూమ్ చేయండి. తడి లేదు, పారదర్శకత లేదు. చుట్టూ నల్ల గీత, లోపల తెలుపు. ఏడుపును చూపించడానికి అందరూ ఒప్పుకున్న గుర్తు అది.

ఇక్కడ ఆగి ఒక అభ్యాసం చేయండి. బొమ్మలోని నల్ల గీతలను మాత్రమే కాగితం మీద పెన్సిలుతో ఎక్కించండి. రంగు వద్దు, షేడ్ వద్దు. బొమ్మ బాగా రావాలని టెన్షన్ పడనక్కర్లేదు, గీత ఎటు పోతోందో మీ చెయ్యికి తెలిస్తే చాలు. జుట్టు ఎక్కడ అయిపోయింది, అల ఎక్కడ మొదలైంది అని అడుగడుగునా తడబడతారు. ఆ తడబడిన చోట్ల చిన్న గుర్తు పెట్టుకోండి. ఆయన మార్పులు చేసిన చోట్లలో కొన్ని మీకు అక్కడే దొరుకుతాయి.

గీత గురించి ఇంకో రెండు ముక్కలు. 1965లో లిక్టెన్‌స్టైన్ కుంచె పోటునే బొమ్మగా వేశాడు. అంతకు ముందు తరం అమెరికన్ చిత్రకారులకు కుంచె పోటంటే ఆవేశం, స్వేచ్ఛ, క్షణంలో జరిగిపోయే చర్య. ఈయన దాన్ని నల్ల గీతలతో చుట్టి, నింపాదిగా, నున్నగా రంగు నింపాడు. ఆవేశం తాలూకు ఆకారం ఉంటుంది, ఆవేశం ఉండదు. ఇక ఇంగ్లండులో పాట్రిక్ కాల్‌ఫీల్డ్ (తనను పాప్ చిత్రకారుడు అంటే ఒప్పుకునేవాడు కాదు) 1975లో వేసిన 'ఆఫ్టర్ లంచ్'లో రెస్టారెంటు, బల్లలు, కుర్చీలు అన్నీ నల్ల గీతలు, నీలం రంగు మాత్రమే. గోడకున్న దృశ్యచిత్రం ఒక్కటి ఫొటోలా నిజంగా కనిపిస్తుంది. మనుషులుండే గది గీతలుగా మిగిలి, గోడ మీది బొమ్మ నిజమైపోతే ఎలా ఉంటుందో అందులో చూడండి. గీత తీరు మార్చడం ఒక్కదానితో ఆ మాట చెప్పగలిగాడు.

రంగు

కామిక్ పుస్తకాలు చవక కాగితం మీద నాలుగు సిరాలతో అచ్చయ్యేవి: నీలం, గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. చర్మం రంగు సిరా అంటూ విడిగా ఉండదు. తెల్లకాగితం మీద ఎర్రటి చుక్కలు ఎడంగా అచ్చు వేస్తే దూరానికి లేత గులాబీలా కనిపిస్తుంది. ఈ చుక్కల పద్ధతి 1879లో బెంజమిన్ డే అనే అమెరికన్ కనిపెట్టింది, అందుకే వాటిని బెన్ డే చుక్కలు అంటారు. కామిక్‌లో వాటి పని కనబడకుండా ఉండటం. లిక్టెన్‌స్టైన్ కాన్వాస్ దాదాపు 170 సెంటీమీటర్ల చదరం. అరచేతిలో ఇమిడే బొమ్మ అంతకు పెరిగేసరికి చుక్కలు చుక్కలుగానే కనిపిస్తాయి. అమ్మాయి బుగ్గ చూద్దామని దగ్గరికి వెళ్తే బుగ్గ మాయమై చుక్కల అచ్చు మిగులుతుంది. దూరం జరిగితే మళ్లీ ముఖం. ఇక్కడ రంగు ఏ భావాన్నీ చెప్పడం లేదు. మనం చూసే ముఖాలు ఎలా తయారవుతాయో చెబుతోంది.

వార్హోల్ దగ్గర రంగు కథ వేరు. 1962 ఆగస్టులో హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో చనిపోయింది. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే వార్హోల్ ఆమె బొమ్మలు మొదలుపెట్టాడు. తీసుకున్నది 1953 నాటి ఒక సినిమా ప్రచార ఫొటో. 'మార్లిన్ డిప్టిక్'లో (డిప్టిక్ అంటే రెండు పలకల బొమ్మ) ఆ ముఖం యాభైసార్లు ఉంటుంది, ఎడమ పక్క రంగుల్లో ఇరవై అయిదు, కుడి పక్క నలుపు తెలుపుల్లో ఇరవై అయిదు.

ఎడమ పక్క ఒక్క ముఖాన్ని ఎంచుకుని పెద్దది చేసి చూడండి. నారింజ నేపథ్యం, పసుపు జుట్టు, గులాబీ ముఖం, కనురెప్పల మీద నీలం, ఎర్ర పెదవులు. ఎక్కడా ఛాయ లేదు, మెల్లగా మారే రంగు లేదు. ముందు ఈ రంగు ముక్కలను కాన్వాస్ మీద వేసుకుని, వాటిపై సిల్క్‌స్క్రీన్‌తో (చట్రానికి బిగించిన పల్చటి బట్టలోంచి సిరాను కిందికి నెట్టే అచ్చు పద్ధతి) ఫొటోను నల్లగా అచ్చు వేశాడు. రంగు ఒక పొర, ముఖం ఇంకో పొర. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. పెదవి గీత దాటి ఎరుపు, కనురెప్ప దాటి నీలం. ఏ రెండు ముఖాల్లోనూ ఈ జారుడు ఒకేలా ఉండదు. అచ్చు పనిలో ఇది తప్పు, సరిదిద్దాల్సిన తప్పు. వార్హోల్ దాన్ని ఉంచేశాడు. ముఖం మీద మేకప్ వేరుగా కూర్చున్నట్టు, ఆ మేకప్ తీసేస్తే ఎవరుంటారో తెలియనట్టు ఉంటుంది. గులాబీ రంగు మార్లిన్ గురించి ఏమీ చెప్పదు, అది కుదరకపోవడం మాత్రం చాలా చెబుతుంది.

ఇప్పుడు ఎడమ సగాన్ని చేత్తో మూసి కుడి పక్క చూడండి. ఒక వరుసలో సిరా ఎక్కువై ముఖాలు మసిబారాయి, కుడి అంచుకు వచ్చేసరికి సిరా పలచబడి ముఖాలు చెరిగిపోతున్నాయి. ఇక్కడ రంగు లేకపోవడమే విషయం. వార్హోల్ తూర్పు సంప్రదాయపు కాథలిక్ కుటుంబంలో పెరిగాడు. చర్చిలో దైవచిత్రాల వరుసలు చూస్తూ పెరిగినవాడు రెండు పలకల బొమ్మను ఎంచుకున్నాడంటే అది కాకతాళీయం అనుకోలేం. ఎడమ పక్క పూజ, కుడి పక్క మరణం అని చాలామంది రాస్తారు. తప్పని అనను గానీ, నాకు ఎడమ పక్కే ఎక్కువ భయం పుట్టిస్తుంది. చెరిగిపోతున్న ముఖంలో కనీసం ఒక మార్పు ఉంది. ఇరవై అయిదు సార్లు అదే నవ్వులో అదీ లేదు.

రెండో అభ్యాసం: ఎడమ పక్కలోంచి మూడు ముఖాలు ఎంచుకుని, ప్రతిదాంట్లో పెదవి రంగు ఎటు జారిందో బాణం గుర్తుతో గీయండి. ఏ ముఖం కాస్త వేరే మనిషిలా అనిపించిందో పక్కన ఒక్క వాక్యం రాయండి. తప్పు సమాధానం అంటూ లేదు, కానీ కారణం బాణంలో కనిపించాలి.

ఆకారం

ఇది త్వరగా అయిపోతుంది, ఎందుకంటే పాప్ ఆర్ట్ ఆకారాలు మనకు ముందే తెలిసినవి. సీసా, డబ్బా, అక్షరం, బాణం. కొత్త ఆకారం కనిపెట్టడం వాళ్ల ఉద్దేశమే కాదు. తెలిసిన ఆకారాన్ని ఎక్కడ పెట్టారు, ఎంత పెంచారు, ఏ వైపు నుంచి చూపించారు అన్నదే చూడాలి.

రుషే బొమ్మలో ఉన్నది ఒక పెట్రోలు బంకు. రోడ్డు పక్క ఎవరూ రెండోసారి చూడని కట్టడం. కాగితం మీద ఈ బొమ్మకు ఒక దీర్ఘచతురస్రం గీసి, కట్టడం పై అంచును ఒక గీతగా పెట్టండి. ఎడమ పై నుంచి కుడి కింది మూల దాకా ఏటవాలుగా దిగుతుంది. మిగతా గీతలన్నీ కూడా ఆ మూలకే పరుగెత్తుతాయి. చూసేవాడి కన్ను నేల దగ్గర ఉంది. సినిమా కంపెనీల గుర్తుల్లో పెద్ద అక్షరాలను, గొప్ప భవనాలను ఇలా కింది నుంచి, ఏటవాలుగా చూపిస్తారు. ఆ ఠీవిని ఒక బంకుకు ఇచ్చాడు. వెనక చీకటి ఆకాశంలో సర్చ్‌లైట్లు. బొమ్మలో మనిషి లేడు, కారు లేదు. ఈ ఆర్భాటం ఎవరి కోసమో తెలియదు. బంకును పొగుడుతున్నాడా, వెక్కిరిస్తున్నాడా? నన్నడిగితే రెండూ కాదు. పొగిడే పద్ధతిని బంకు మీద పెట్టి చూస్తున్నాడు, అది అతుకుతుందా లేదా అని.

రాబర్ట్ ఇండియానా 'లవ్' కూడా ఒకసారి తెరిచి చూడండి. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పైన రెండు, కింద రెండు, చదరంలో కిక్కిరిసి ఉంటాయి. న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియం 1965లో దీన్ని క్రిస్మస్ కార్డుగా వేసింది. మూడక్షరాలు నిటారుగా ఉంటే 'ఓ' ఒక్కటి పక్కకు ఒరిగి ఉంటుంది. దాన్ని వేలితో మూసి, నిటారుగా ఉన్నట్టు ఊహించండి. బోర్డు అయిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎక్కడివంటే, ఇండియానా తండ్రి పనిచేసిన పెట్రోలు కంపెనీ బోర్డు ఎరుపు, ఆకుపచ్చ, దాని వెనక ఆకాశం నీలం. పట్టిక ప్రకారం ఆ ఎరుపు ప్రేమకు గుర్తు కావాలి!

ఇంటిపని

లిక్టెన్‌స్టైన్ 'వ్హామ్!' (1963) తెరవండి. రెండు పలకల బొమ్మ, వెడల్పు నాలుగు మీటర్ల పైమాటే. ఎడమ పలకలో యుద్ధవిమానం, కుడి పలకలో పేలుడు. దాని గురించి ఏమీ చదవకుండా ఈ పనులు చేయండి. క్షిపణి వదిలిన దారిని ఒక్క గీతగా గీసి, అది రెండు పలకల మధ్య సందును ఎలా దాటిందో చూడండి. చుక్కలు ఉన్న చోట్లు, నిండు రంగు ఉన్న చోట్లు వేరు వేరుగా గుర్తుపెట్టండి. పేలుడు ఆకారాన్ని విడిగా గీసి, పేరు చెప్పకుండా ఎవరికైనా చూపించి ఏమిటని అడగండి, వాళ్లు చెప్పింది యథాతథంగా రాసుకోండి. ఆఖరుకి, పలకలు రెండూ కలిపి ఒకే కాన్వాస్‌గా వేసి ఉంటే ఏం పోయేదో నాలుగు వాక్యాల్లో రాయండి. నాలుగో పాఠం ఆ వాక్యాల నుంచే మొదలవుతుంది, కాబట్టి కాగితం పారేయకండి.