రాజాభరణాల్లోని వజ్రాలను చదవడం – మూడవ పాఠం: బరువు

కిందటి పాఠంలో వజ్రాన్ని ఆకారాన్ని బట్టి గుర్తించడం నేర్చుకున్నాం. ఈసారి బరువు సంగతి చూద్దాం. ఒకే వజ్రానికి రెండు మూడు బరువులు కనిపిస్తే వాటిలో ఏదో ఒకటి తప్పని వెంటనే తీర్మానించకండి. చాలాసార్లు అన్నీ సరైనవే. తూచిన కాలం వేరు, లేదా కొలమానం వేరు.

కోహినూరునే తీసుకుందాం. 1849లో లాహోరు ఒడంబడిక ప్రకారం బాల మహారాజు దులీప్ సింగ్ చేజారి బ్రిటిష్ రాణికి దక్కిననాడు దాని బరువు 186 క్యారెట్లు, 1852లో లండన్‌లో మళ్లీ సానపట్టిన తరువాత 105.6 క్యారెట్లు అని రాస్తారు. ఈ రెంటినీ నేరుగా తీసివేస్తే తరుగు 43 శాతం. అయితే 186 అన్నది పాత ఇంగ్లీషు క్యారెట్లలో చెప్పిన సంఖ్య. ఆ క్యారెట్టు 205 మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువ. నేటి మెట్రిక్ క్యారెట్టు సరిగ్గా 200 మిల్లీగ్రాములు. మార్చి చూస్తే పాత బరువు సుమారు 191 అవుతుంది, తరుగు 45 శాతానికి చేరుతుంది. అంటే పదిహేడు గ్రాముల వజ్రం పొడిగా రాలిపోయింది.

1851 నాటి లండన్ మహాప్రదర్శనలో జనం ఆ వజ్రాన్ని చూసి, మెరుపు లేదని పెదవి విరిచారు. మొఘలుల కాలపు పనివారు ముడిరాయి బరువు పోకుండా, దాని సహజమైన ఒంపులను అనుసరించి చిన్న చిన్న పలకలు తీర్చేవారు. ఐరోపావారికి కావలసింది సౌష్ఠవం, కాంతి. రాణి భర్త ఆల్బర్ట్ పూనికతో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన పనివారు ఆ పని ముగించారు. ఆ పదిహేడు గ్రాములతో పాటు రాతిలో చదవగలిగే చరిత్ర కూడా చాలావరకు పోయిందని నా అభిప్రాయం.

ఎందుకంటే సానపట్టని చోటే సాక్ష్యం మిగులుతుంది. మాస్కో క్రెమ్లిన్‌లో ఉన్న 88.7 క్యారెట్ల షా వజ్రం మీద మూడు పేర్లు చెక్కి ఉన్నాయి: అహ్మద్‌నగర్‌ను ఏలిన బుర్హాన్ నిజాం షా, మొఘల్ చక్రవర్తి షాజహాన్, ఇరాన్ పాలకుడు ఫత్ అలీ షా. మొదటి అక్షరాలు 1591 నాటివి. అవి ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయంటే, ఆ పలకను ఆ తరువాత ఎవరూ సానపట్టలేదని మనం ధైర్యంగా చెప్పవచ్చు. ఒక కొసన రాతి చుట్టూ సన్నని గాడి ఉంది; దారం కట్టి వేలాడదీయడానికి అది పనికివచ్చేది. అక్కడే ఉన్న ఓర్లోవ్ వజ్రం కూడా అంతే. రష్యా రాజదండంలోకి చేరినా, సగానికి కోసిన గుడ్డు వంటి భారతీయ రూపాన్ని వదులుకోలేదు.

"సుమారు" అన్న మాట కూడా ఒక ఆధారమే. టెహ్రాన్‌లోని దరియా-ఇ-నూర్ వజ్రం బరువును సుమారు 182 క్యారెట్లంటారు. దానిని పొదిగిన ఆభరణం నుంచి ఊడదీసి తూచలేదు. కొలతలను బట్టి లెక్కగట్టారు.

అభ్యాసం: 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన కల్లినన్ ముడివజ్రాన్ని కొందరు 3,025¾ క్యారెట్లని, కొందరు 3,106 క్యారెట్లని రాస్తారు. పై లెక్కతో ఈ రెంటికీ పొత్తు కుదురుతుందేమో చూడండి. తరువాత బ్రిటిష్ రాజదండంలోని 530.2 క్యారెట్ల వజ్రం, అంటే 'మొదటి కల్లినన్', ఆ ముడిరాయిలో ఎన్నో వంతో లెక్కకట్టండి. మిగిలినదంతా తరుగని మాత్రం రాయకండి. ఆ ముడిరాయి నుంచే మరో ఎనిమిది పెద్ద వజ్రాలు వచ్చాయి, వాటిలో 317.4 క్యారెట్లది కిరీటంలో ఉంది.