రాత్రి అన్నం వేళ మా ఇంట్లో టీవీ

మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర. బాబుకి 14, పాపకి 11. బొమ్మల ఛానెళ్లంటే ఇద్దరికీ విసుగొచ్చేసింది. పెద్దల సీరియల్ పెడితే విషం కలపడాలు, చెంపదెబ్బలు. ఒకరోజు పాప అన్నం తింటూ తింటూ కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఏ వయసు వాళ్లు చూడొచ్చో చెప్పే రేటింగ్ చూడటం నేర్చుకున్నాను. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీల్లో యు, యు/ఏ 7+, 13+, 16+, ఏ అని వేస్తారు. హింస, భాష లాంటి కారణం కూడా రాస్తారు. 13+ నుంచి పేరెంటల్ లాక్ ఉండాలి. పిన్ పెట్టేశాను.

కానీ మంచివి వెతకడం మన పనే. ఏదైనా సరే, మొదటి ఇరవై నిమిషాలు నేనొక్కదాన్నే చూస్తాను. కోపం వచ్చినవాడు ఏం చేస్తున్నాడు? తప్పు చేసినవాడు క్షమించమంటున్నాడా? అదే నా కొలత.

అలా 2012లో వచ్చిన 'మిథునం' సినిమా పెట్టాను. తెర మీద ఇద్దరే పెద్దవాళ్లు, పెరడు, వంటలు.

"ఫైట్లు ఉండవా అమ్మా?" అని పెదవి విరిచాడు బాబు. అయిపోయాక వాడే బొబ్బిలిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేశాడు, "ఏం తిన్నావు?" అని.