సీశాట్ ప్యాసేజీలు, 4వ భాగం: నిజమే, కానీ జవాబు కాదు

సీశాట్ అంటే సివిల్స్ ప్రిలిమ్స్‌లో రెండో పేపరు. అందులో వచ్చే ప్యాసేజీల గురించే ఈ పాఠాలు. పోయిన భాగం చివర ఒక పని చెప్పాను. పేరా చదివేటప్పుడు ‘అయితే’, ‘కానీ’, ‘అందుకే’ లాంటి మాటల కింద పెన్సిల్‌తో గీత పెట్టమన్నాను. చేసినవాళ్లకు ఈ పాఠం తేలిగ్గా నడుస్తుంది. చేయనివాళ్లు కింద ఇచ్చిన పేరాతోనైనా మొదలుపెట్టండి.

ఇన్నాళ్లూ పేరా ఎలా చదవాలో చూశాం. ఇవాళ ఆప్షన్లు ఎలా చదవాలో చూద్దాం. నేను గమనించినంతలో, పేరా అర్థం కాక మార్కులు పోగొట్టుకునేవాళ్లు తక్కువ. పేరా చక్కగా అర్థమయ్యాక ఆప్షన్ల దగ్గర జారిపోయేవాళ్లే ఎక్కువ.

పేపరు లెక్క మరోసారి గుర్తు చేసుకుందాం. 80 ప్రశ్నలు, 200 మార్కులు, రెండు గంటలు. సరైన జవాబుకు 2.5 మార్కులు, తప్పు పెడితే అందులో మూడో వంతు, అంటే సుమారు 0.83 పోతుంది. 2015 నుంచి ఇది అర్హత పేపరే కాబట్టి 33 శాతం, అంటే 66 మార్కులు తెచ్చుకుంటే చాలు. అయితే ఆ 66 రాకపోతే జనరల్ స్టడీస్‌లో ఎన్ని మార్కులొచ్చినా మెయిన్స్‌కు పిలుపు రాదు. ఇటీవలి పేపర్లలో ప్యాసేజీ ప్రశ్నలే పాతిక దాటుతున్నాయి. లెక్కలంటే భయపడేవాళ్లకు ఇవే ఆధారం.

ఈ పేపరు ఇంగ్లిష్, హిందీల్లో మాత్రమే ఇస్తారు. మెయిన్స్ తెలుగులో రాసేవాళ్లు కూడా ఇక్కడ వాటితోనే సరిపెట్టుకోవాలి. అది తెలిసీ నేను ఈ పాఠానికి పేరా తెలుగులోనే రాశాను. భాష అడ్డు తీసేస్తే, మన తప్పుల్లో ఏది ఇంగ్లిష్ వల్ల జరుగుతోందో, ఏది ఆలోచన వల్ల జరుగుతోందో విడివిడిగా కనిపిస్తుంది.

పేరా ఇది. రెండుసార్లు చదవండి.

“గోదావరి డెల్టా ఒకప్పుడు ఒక ఏడు వరదతో, మరో ఏడు కరువుతో నలిగిపోయేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక సాగు విస్తీర్ణం పెరిగింది. అయితే కాలువలోకి నీరు రావడం వేరు, ఆ నీరు చివరి పొలం దాకా చేరడం వేరు. కాలువ మొదట్లో ఉన్న రైతులు అవసరానికి మించి వాడుకుంటే శివారు భూములకు నీరు అందదు. పూడిక తీయకపోయినా అంతే. అందుకే కొత్త ఆనకట్టలకు పెట్టే ఖర్చులో కొంతైనా, ఉన్న కాలువల నిర్వహణకూ సరైన పంపకానికీ మళ్లిస్తే, తక్కువ ఖర్చుతో ఎక్కువ భూమికి నీరందుతుంది.”

మొదటి రకం ప్రశ్న, సారాంశం. పేపర్లో దీన్ని ‘క్రక్స్’ అని అడుగుతారు. ఈ పేరా సారాన్ని బాగా చెప్పేది ఏది?

ఎ) ధవళేశ్వరం ఆనకట్ట వల్ల గోదావరి డెల్టాలో సాగు విస్తీర్ణం పెరిగింది.
బి) ఇకపై కొత్త ఆనకట్టలు కట్టాల్సిన పని లేదు.
సి) ఉన్న కాలువల నిర్వహణకు, నీటి పంపకానికి ఖర్చు పెడితే ఎక్కువ భూమికి నీరందించవచ్చు.
డి) నీటి తీరువా సరిగా వసూలు కాకపోవడం వల్ల కాలువల నిర్వహణ కుంటుపడింది.

జవాబు సి. ‘అందుకే’ కింద గీత పెట్టినవాళ్లకు వెతుక్కునే పని ఉండదు. పేరా మొత్తం ఆ వాక్యం కోసమే నడిచింది. కాబట్టి మిగతా మూడింటి మీద కాసేపు ఆగుదాం.

ఎ చూడండి. అది పేరాలో ఉంది, అందులో తప్పేమీ లేదు. కానీ ‘అయితే’ రాకముందు చెప్పిన మాట అది. రచయిత దాన్ని దాటి ముందుకెళ్లిపోయాడు. మనం మొదటి రెండు వాక్యాలు శ్రద్ధగా చదివి, తర్వాతవి హడావుడిగా చదువుతాం కాబట్టి ఈ ఆప్షన్ చూడగానే ‘ఇది చదివానే’ అనిపిస్తుంది. బి అసలు మాటను సాగదీసింది. ‘ఖర్చులో కొంతైనా మళ్లించండి’ అనడానికీ ‘ఆనకట్టలే వద్దు’ అనడానికీ మధ్య చాలా దూరం ఉంది.

డి దగ్గర ఎక్కువసేపు నిలబడాలి. చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్క కుర్చీలో కూర్చుని చదువుకునే కోనసీమ అమ్మాయి ఒకరున్నారు. చురుకైన మనిషి, న్యూస్‌పేపర్ ఒక్క రోజు కూడా వదలదు. ఈ పేరా రాసిచ్చి ప్రశ్న అడిగితే నిమిషం కూడా ఆలోచించకుండా డి పెట్టింది. తప్పన్నాను. “అన్నయ్యా, మా నాన్నది శివారు పొలమే. తీరువా సంగతి, కాలువ సంగతి చిన్నప్పటి నుంచి ఇంట్లో వింటూనే ఉన్నాను. ఇది నిజం కాదంటారా?” అంది. “నిజమో కాదో తర్వాత మాట్లాడుకుందామమ్మా, ముందు ఈ పేరాలో తీరువా ఎక్కడుందో వేలు పెట్టి చూపించు” అన్నాను. వేలు మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా నెమ్మదిగా వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. ఎక్కడా ఆగలేదు.

ఆ వేలే ఈ పాఠం మొత్తానికీ పనిముట్టు. ఏ ఆప్షన్ నచ్చినా, దానికి ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టగలగాలి. పెట్టలేకపోతే అది మీ తలలోంచి వచ్చింది, పేరాలోంచి కాదు. ప్రశ్నపత్రంలో ప్యాసేజీల పైన ఇచ్చే సూచన కూడా ఇదే చెబుతుంది: జవాబులు ప్యాసేజీల ఆధారంగా మాత్రమే ఉండాలి. ఏళ్ల తరబడి జనరల్ స్టడీస్ చదివినవాళ్లకు ఈ సూచన పాటించడం చాలా కష్టం. పర్యావరణం, వ్యవసాయం, పాలన... ప్యాసేజీల్లో వచ్చేవన్నీ మనకు తెలిసిన విషయాలే. తెలిసిందాన్ని రెండు గంటలు పక్కన పెట్టమంటే మనసు ఒప్పుకోదు. దీనికి అలవాటు తప్ప వేరే మందు లేదు.

రెండో రకం, ఇన్ఫరెన్స్. పేరాలో నేరుగా చెప్పకపోయినా, చెప్పినదాన్ని బట్టి తేలే మాట. ఈ మూడింట్లో ఏది తేలుతుంది?

ఎ) ఆనకట్ట కట్టక ముందు డెల్టాలో సాగు లేదు.
బి) కాలువ మొదట్లోని రైతులే శివారు రైతుల కష్టాలకు కారణం.
సి) శివారు భూములకు నీరు అందకపోవడానికి ప్రతిసారీ నదిలో నీటి కొరతే కారణం కానక్కరలేదు.

ఎ మీద వేలు ‘పెరిగింది’ దగ్గర ఆగుతుంది. పెరగాలంటే ముందు ఎంతో కొంత ఉండాలి కదా. అక్కడితో ఎ పోయింది.

బి లో ఒక్క దీర్ఘం పట్టుకోండి. ‘రైతులు’ కాదు, ‘రైతులే’. పేరా రెండు కారణాలు చెప్పింది: మొదట్లోని రైతుల వాడకం ఒకటి, పూడిక ఇంకొకటి. ఆ ‘ఏ’ రెండో కారణాన్ని మింగేసింది. తెలుగులో ఒక అక్షరం చేసే ఈ పనిని ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’, ‘సోల్’, ‘ఎంటైర్లీ’ లాంటి మాటలు చేస్తాయి. ‘ఆల్’, ‘ఆల్వేస్’, ‘నెవర్’, ‘మస్ట్’ కూడా ఈ కుటుంబానివే. వీటిని చూడగానే ఆప్షన్ కొట్టేయమని చాలామంది చెబుతారు. నేను చెప్పను. పేరాలోనే రచయిత ‘ఓన్లీ’ అని ఉంటే ఆప్షన్‌లోని ‘ఓన్లీ’ సరైనదే అవుతుంది. ఆ మాట కనిపిస్తే ఆగండి, అంత గట్టి మాట పేరాలో ఉందో లేదో వేలితో వెతకండి. అలాగే ‘మే’, ‘కెన్’, ‘సమ్’ లాంటి మెత్తటి మాటలున్న ఆప్షన్ చప్పగా కనిపించినా తొందరపడి వదలొద్దు. ఇక్కడ సి చూడండి, ‘కానక్కరలేదు’ అని ఎంత మెత్తగా ఉందో! జవాబు అదే. వాడకం వల్ల, పూడిక వల్ల కూడా నీరు ఆగుతుందని పేరా చెప్పింది కాబట్టి నదిలో నీళ్లున్నా శివారు ఎండవచ్చు.

ఇన్ఫరెన్స్‌లో ఇంకో ఉచ్చు ఉంది. మాటను తిరగేయడం. పూడిక తీయకపోతే శివారుకు నీరు చేరదని పేరా అంది. ‘పూడిక తీస్తే శివారుకు నీరు చేరి తీరుతుంది’ అని ఆప్షన్ ఇస్తే? విన్నప్పుడు రెండూ ఒకటే అనిపిస్తాయి. ఉప్పు వేయకపోతే పప్పు చప్పగా ఉంటుంది. అంతమాత్రాన ఉప్పు వేసిన ప్రతి పప్పూ రుచిగా ఉంటుందా? అడుగంటి ఉండొచ్చు, పులుపు ఎక్కువై ఉండొచ్చు. పూడిక తీసినా మొదట్లోనే నీళ్లు వాడేసుకుంటే శివారు మళ్లీ ఎండుతుంది. ‘లేకపోతే జరగదు’ అన్నదాన్ని ‘ఉంటే జరుగుతుంది’ అని మార్చిన ఆప్షన్ ఎంత పరిచయంగా కనిపించినా వదిలేయండి.

మూడో రకం, అజంప్షన్. అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. రచయిత పైకి చెప్పకుండా, నిజమని అనుకుని ముందుకెళ్లిన మాట ఏదని అడుగుతారు. అది పేరాలో రాసి ఉండదు కాబట్టి, ఇక్కడ వేలు ఒక్కటీ సరిపోదు. మరో పరీక్ష కావాలి.

1. పూడిక తీసి, సరిగ్గా పంచితే శివారు దాకా వెళ్లేంత నీరు కాలువల్లో ఉంటుంది.
2. శివారు రైతులు ఆందోళన చేస్తే తప్ప ప్రభుత్వం నిర్వహణకు డబ్బివ్వదు.

ఒక్కోదాన్ని తీసుకుని, అది నిజం కాదనుకోండి. తర్వాత రచయిత ‘అందుకే’ వాక్యం నిలబడుతుందో పడిపోతుందో చూడండి. మొదటిది: ఎంత పూడిక తీసినా, ఎంత న్యాయంగా పంచినా శివారు దాకా వెళ్లేంత నీరు కాలువల్లో లేదు. అప్పుడు నిర్వహణకు డబ్బు పెట్టి ఏం లాభం? రచయిత సలహా కుప్పకూలింది. అంటే ఆయన ఈ మాట మీద నిలబడే మాట్లాడాడు. అది అజంప్షన్. రెండోది: ఆందోళన చేయకపోయినా ప్రభుత్వం డబ్బిస్తుంది. సరే, ఇవ్వనివ్వండి. సలహాకు వచ్చిన నష్టమేమీ లేదు. అది అజంప్షన్ కాదు. జవాబు ‘1 మాత్రమే’.

మొదట్లో ఈ పరీక్షకు ఒక్కో ప్రశ్నకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. పట్టనివ్వండి. రోజుకు రెండు పేరాలు చాలు, కానీ ప్రతి ఆప్షన్ పక్కనా అది ఎందుకు తప్పో ఒక్క ముక్క రాయండి: ‘పేరాలో లేదు’, ‘సాగదీసింది’, ‘తిరగేసింది’, ‘నిజమే, సారం కాదు’. సరైన జవాబు ఎందుకు సరైనదో రాయడం కన్నా ఇది ఎక్కువ పని చేస్తుంది. రెండు వారాల తర్వాత ఆ నోట్సు తిరగేస్తే మీరు పదే పదే పడేది ఏ గుంటలోనో మీకే తెలుస్తుంది. కోనసీమ అమ్మాయి నోట్సు నిండా ‘పేరాలో లేదు’ అనే ఉంది. మీది వేరే కావచ్చు.

ఇక ఈ వారం పని.

“1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. వరదను ఆపడానికి కట్టిన ఈ జలాశయాలే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. వరదను పట్టుకోవాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి, తాగునీటికైతే నీరు నిండుగా ఉండాలి. అందుకే ఏ నెలలో ఎంత నీరు నిలపాలో ముందే తేల్చుకోవాలి.”

ఈ పేరాలో అజంప్షన్ ఏది? 1. ఒకే జలాశయంతో రెండు అవసరాలూ తీర్చడం సాధ్యమే. 2. ఈ జలాశయాలు లేకపోతే హైదరాబాదుకు తాగునీరు దొరికేది కాదు. జవాబులు: ఎ) 1 మాత్రమే, బి) 2 మాత్రమే, సి) రెండూ, డి) రెండూ కాదు.

ఒక్కో వాక్యాన్ని ‘కాదు’ అనుకుని చూసి, ‘అందుకే’ వాక్యానికి ఏమైందో నోట్సులో రాసుకోండి. జవాబు 5వ భాగం మొదట్లో ఇస్తాను. ఆ భాగంలో రచయిత ధోరణిని అడిగే ప్రశ్నలు, ఒకే విషయం మీద ఇచ్చే రెండు పేరాల జంట ప్రశ్నలు చూద్దాం.